మైనం, గుడ్డబూటు, బకెట్: మినియాపొలిస్ చలికాలంలో రెండు కుక్కల పాదాల డైరీ

చోటు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, మినియాపొలిస్. కాలం నవంబరు నుంచి మార్చి దాకా. కుక్కలు రెండు. సింబా గోల్డెన్ రిట్రీవర్, 31 కిలోలు, వేళ్ల సందుల్లో గుబురుగా బొచ్చు. చిట్టి హైదరాబాదు నుంచి విమానమెక్కి వచ్చిన దేశీ కుక్క, 17 కిలోలు, పొట్టి వెంట్రుకలు, లోపలి ఉన్ని దాదాపు లేనట్టే. జనవరిలో ఇక్కడ పగలు కూడా సగటున సున్నాకు నాలుగైదు డిగ్రీలు కిందే ఉంటుంది, తెల్లవారుజామున మైనస్ 13 మామూలు. 2019 జనవరి 30న మైనస్ 33 దాకా దిగింది. ఈ డైరీలో డిగ్రీలన్నీ సెల్సియస్.

చేయాల్సినవి మూడు: పాదాలకు రాసే మైనం, గుడ్డ బూట్లు, గుమ్మం దగ్గర కాళ్లు కడిగే ఏర్పాటు. మొదటి ప్రణాళికలో సమయమంతా బూట్లకే పోయింది, బకెట్‌కు ఒక్క పూట. డిసెంబరు చివరికి ఆ వరస తలకిందులైంది.

నవంబరు మొదటి వారం: కొలతలు

మొదట, కుక్క పాదం ఎలా ఉంటుందో. నాలుగు వేలి మెత్తలు, వాటి వెనక పెద్ద మెత్త. ముందుకాళ్లకు మణికట్టు వెనక ఇంకో చిన్న మెత్త ఉంటుంది. మామూలు నడకలో నేలకు తగలదు, జారినప్పుడు, దూకినప్పుడు మాత్రం ఆనుతుంది. లోపలివైపు పైన పక్కగోరు. బూటు పట్టీ ఎక్కడ కట్టాలన్నది ఈ పక్కగోరే తేలుస్తుంది, కాబట్టి దాని ఎత్తు కూడా రాసి పెట్టుకోవాలి.

మంచు మీద ఉత్తికాళ్లతో నిలబడ్డ కుక్క పాదం వెంటనే ఎందుకు గడ్డకట్టదు? పాదంలోకి దిగే వెచ్చని రక్తపు ధమనులు, పైకి తిరిగి పోయే చల్లని రక్తపు సిరలు పక్కపక్కనే అల్లుకుని ఉంటాయి. దిగే వేడి ఎక్కే రక్తానికి అందుతుంది. చల్లటి రక్తం నేరుగా ఒంట్లోకి వెళ్లదు, మెత్త కూడా గడ్డకట్టే స్థాయికి దిగదు. టోక్యోలోని యమజాకి గకుయెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో కుక్క మెత్తల రక్తనాళాలకు అచ్చులు పోసి ఈ అల్లికను చూపించారు. అంటే పొడి మంచు మీద పది నిమిషాల నడక ఆరోగ్యంగా ఉన్న కుక్క పాదానికి పెద్ద లెక్క కాదు. పాదాన్ని పాడుచేసేవి ఉప్పు, తడి, వేళ్ల మధ్య కట్టే మంచు ఉండలు, ఇంట్లో హీటరు పొడిగాలికి వచ్చే పగుళ్లు. చలి వీటన్నిటికీ తోడు వస్తుంది.

కొలిచే పద్ధతి: తెల్లకాగితం మీద కుక్కను నిలబెట్టి, ఎదుటి కాలు ఎత్తి పట్టుకోవాలి. అప్పుడు బరువంతా కొలిచే కాలి మీద పడి వేళ్లు విచ్చుకుంటాయి. పడుకున్న కుక్క పాదం కొలిస్తే అర అంగుళం దాకా తక్కువ వస్తుంది. ఆ కొలతతో కుట్టిన బూటు నడకలో వేళ్లను నొక్కేస్తుంది. పెన్సిలు నిటారుగా పట్టుకుని గీయాలి, వాల్చితే గీత లోపలికి పోతుంది.

సింబా ముందుకాలు వెడల్పు 78 మి.మీ., గోరు కొన నుంచి పెద్ద మెత్త చివర దాకా పొడవు 88. వెనకకాలు 70, 80. పట్టీ పడే సన్నని చోట చుట్టుకొలత 125. చిట్టికి ముందు 58, 66; వెనక 52, 60; చుట్టుకొలత 95. ముందుపాదం వెనకదానికన్నా పెద్దదన్న సంగతి చాలామంది చూసుకోరు. నాలుగు బూట్లూ ఒకే సైజు కొంటే వెనకవి ఊడిపోవడానికి కారణం ఇదే.

నవంబరు రెండో వారం: బొచ్చు, గోళ్లు

ఖర్చు లేనిది, ఫలితం ఎక్కువ ఇచ్చేది ఈ పని. సింబా మెత్తల మధ్య నుంచి బయటికి పొడుచుకొచ్చిన బొచ్చును మొద్దుమొన కత్తెరతో మెత్తల మట్టానికి కత్తిరించాం. మట్టానికి మాత్రమే. లోపలికి తవ్వి చర్మం దాకా గొరిగితే మళ్లీ మొలిచే మొండి వెంట్రుకలు పక్క చర్మాన్ని గుచ్చుతాయి, కుక్క నాకడం మొదలెడుతుంది, నాకిన చోట ఎర్రబడుతుంది. తరవాత వేళ్ల పైబొచ్చును దువ్వెనతో పైకి దువ్వి, పాదం ఆకారానికి కత్తిరింపు.

గోళ్లు: గట్టి నేల మీద నిలబడ్డప్పుడు గోరు నేలకు తగలకూడదు. తగిలితే ప్రతి అడుగులో వేలిని వెనక్కి తోస్తుంది, వేళ్లు విడివడతాయి, ఆ సందులోకి మంచు దూరుతుంది. సింబా గోళ్లు నల్లవి, లోపలి రక్తనాళం కనబడదు. అందుకే ఒకేసారి కత్తిరించకుండా వారానికి రెండు మి.మీ. చొప్పున మూడు వారాలు. చిట్టికి అవసరం పడలేదు. కాంక్రీటు నడకే దాని గోళ్లను అరగదీసింది.

నవంబరు మూడో వారం: మైనం, మొదటి రెండు పాకాలు

మొదటి పాకం: తేనెమైనం 40 గ్రా., కొబ్బరినూనె 60 గ్రా. గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో ఇంకో గిన్నె. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, కాబట్టి 70 దాటనివ్వక్కర్లేదు. పొయ్యి మీద నేరుగా పెడితే అడుగున మైనం వేడెక్కి రంగు మారుతుంది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇంట్లో 21 డిగ్రీల దగ్గర చక్కగానే ఉంది. బయట మైనస్ 8లో ఇరవై నిమిషాలు నడిచొచ్చేసరికి పాదాల మీద పెంకులా బిగిసి, వేలు వంగే చోట విరిగి రాలిపోయింది. కారణం తెలుగిళ్లలో అందరికీ తెలిసిందే. కొబ్బరినూనె 24 డిగ్రీలకే పేరుకుంటుంది. డిసెంబరులో సీసా ఎండలో పెట్టి కరిగించుకునే నూనె అది. అలాంటిదాన్ని మైనంతో కలిపి మంచులోకి పంపితే రెండూ కలిసి బిగుసుకుంటాయి. చలికి మైనంలో మెత్తదనం తేవాల్సింది ద్రవంగా ఉండే నూనె, జిగట ఇవ్వాల్సింది ఇంకోటి.

రెండో పాకం: తేనెమైనం 20, కొబ్బరినూనె 20, ఆలివ్ నూనె 40, లానొలిన్ 20. లానొలిన్ అంటే గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు, జిగురుగా చర్మానికి పట్టుకుంటుంది. పగుళ్లు పడలేదు. కానీ మరీ జిగట: వసారాలో ఉన్న ఇసుక, ఎండుటాకుల పొడి అంతా మెత్తలకు అంటుకుంది. ఇంట్లో టైల్స్ మీద సింబా రెండుసార్లు జారాడు.

నవంబరు చివర: మూడో పాకం, ఇదే ఖాయం

తేనెమైనం 25 గ్రా.
షియా వెన్న (షియా గింజల నుంచి తీసే కొవ్వు) 20 గ్రా.
లానొలిన్ 15 గ్రా.
ఆలివ్ నూనె 40 గ్రా.

మైనం ముందు కరగాలి, తరవాత లానొలిన్, నూనె. షియా ఆఖరున, పొయ్యి ఆపేశాక, ఆ వేడికే కరిగిపోతుంది. కలిపి వెడల్పాటి రేకు డబ్బాలో పోయాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది: నెమ్మదిగా చల్లారితే షియాలోని గట్టి కొవ్వు విడిగా గింజకట్టి, మైనం రవ్వరవ్వగా తయారవుతుంది. త్వరగా చల్లార్చాలి. ఫ్రిజ్ అక్కర్లేదు, మూత పెట్టి డబ్బాను పెరట్లో మంచులో గుచ్చితే పావుగంటలో నున్నగా గడ్డకట్టింది.

సింబాకు నాలుగు పాదాలకు ఒకసారికి 5 గ్రాములు, చిట్టికి 3. వంద గ్రాముల డబ్బా ఇద్దరికీ కలిపి పన్నెండు నడకలు. మెత్తల మీద పలచగా, వేళ్ల సందుల్లో కాస్త ఎక్కువగా, గోళ్ల మొదళ్ల చుట్టూ. రాయడం గుమ్మం దగ్గర చాప మీదే, రాయగానే బయటికి. డబ్బా ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి; కారులో వదిలేస్తే ఏ మైనమైనా రాయి అవుతుంది.

వేయకూడనివి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే కుక్క దీన్ని ఎలాగూ నాకుతుంది. టీ ట్రీ నూనె కుక్కలకు విషం. జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీములు వద్దు. సువాసన కోసం ఏ తైలమూ అక్కర్లేదు, కుక్క ముక్కుకు ఆ ఘాటే బాధ. మనుషుల కాళ్ల పగుళ్ల క్రీముల్లో యూరియా, శాలిసిలిక్ ఆమ్లం ఉంటాయి, అవీ వద్దు.

మైనం చేసేది ఏమిటి, చేయనిది ఏమిటి అన్నది తేల్చుకోవాలి. వేడి ఇవ్వదు. ఉప్పునీరు చర్మానికి తగలకుండా, మంచు కరిగి బొచ్చును తడపకుండా ఒక పొర వేస్తుంది. గరుకు కాంక్రీటు మీద ఆ పొర అరగంట, ముప్పావుగంట. ఉప్పు లేని మంచు మీద ఇంకొంచెం ఎక్కువ.

డిసెంబరు మొదటి వారం: బూట్లు, మొదటి నమూనా (పాడైంది)

అలాస్కాలో ఏటా మార్చిలో ఎంకరేజ్ నుంచి నోమ్ దాకా జరిగే ఇడిటారోడ్ పందెంలో (మంచు మీద కుక్కలు లాగే స్లెడ్జి బండ్ల పోటీ) ప్రతి కుక్కకూ ఎనిమిది బూట్లు వెంట ఉండాలన్నది నియమం. ఆ బూట్లు మనం దుకాణాల్లో చూసే రబ్బరు అడుగు, జిప్పుల బాపతు కాదు. గుడ్డ సంచి, పైన వెల్క్రో పట్టీ, అంతే. బరువుండదు, త్వరగా ఆరుతుంది, ఊడితే ఇంకోటి తొడుగుతారు. ఆ మాదిరే తీసుకున్నాం.

గుడ్డ: కార్డూరా అనే గట్టి నైలాన్, 500 డెనియర్ (నూలు మందం కొలత), లోపల పూత లేనిది. 1000 డెనియర్ ఎక్కువ కాలం వస్తుంది గానీ గట్టిగా ఉండి మడతపడ్డ చోట పక్కగోరు కింద ఒరుసుకుంటుంది. రంగు నారింజ, మంచులో ఊడిపడ్డ నల్ల బూటు దొరకదు. దారం పాలియెస్టర్, సూది 100వ నంబరు, కుట్టు పొడవు 3 మి.మీ. ఇంటి కుట్టుమిషనుతోనే అవుతుంది, కాకపోతే నాలుగు పొరలు వచ్చిన చోట చేత్తో చక్రం తిప్పాలి.

మొదటి నమూనా: రెండు ముక్కలు, వేళ్ల వైపు గుండ్రంగా అర్ధచంద్రంలా కుట్టు, లోపలికి తిరగేసినది. మూడో నడకకే వేళ్ల దగ్గర పిగిలింది. ముందుకు తోసుకుపోయే గోళ్లన్నీ సరిగ్గా కుట్టు మీదే తగులుతాయి. పైగా లోపల మిగిలిన అంచు గోటి మొదలును రాసుకుని చిట్టికి ఎర్రగా కందింది.

వెచ్చగా ఉంటుందని లోపల ఫ్లీస్ గుడ్డ వేసిన జత ఒకటి కుట్టాం. అది ఇంకా పెద్ద పొరపాటు. పైనుంచి దూరిన మంచు ఒంటి వేడికి కరిగింది, ఫ్లీస్ పీల్చుకుంది, మైనస్ 12లో అదే తడి మళ్లీ గడ్డకట్టింది. బూటు విప్పితే లోపల మంచు పలక. ఉత్తికాలితో నడిచినా ఇంత నష్టం ఉండేది కాదు.

డిసెంబరు మూడో వారం: బూట్లు, రెండో నమూనా

వేళ్ల దగ్గర కుట్టే లేకుండా చేశాం. ఒకే పొడవాటి ముక్కను మధ్యలో మడిస్తే మడత వేళ్ల దగ్గరికి వస్తుంది, కుట్లు రెండు పక్కలే.

వెడల్పు లెక్క: పాదం వెడల్పుకు 25 మి.మీ. కలపాలి (పాదం మందానికి, వేళ్లు విచ్చుకోవడానికి), ఆపైన రెండు పక్కల కుట్టుకు 12. సింబా ముందుకాలికి 78, 25, 12 కలిపి 115. పొడవు లెక్క: పాదం పొడవు 88కి పైన పట్టీ దాకా 62 కలిపితే 150. మడత కాబట్టి రెండింతలు 300, పైఅంచులు మడిచి కుట్టడానికి చెరో 15, మొత్తం 330. చిట్టికి పైన 62 బదులు 48 చాలు.

వరస ఇది. మొదట ముక్క మధ్యలో, మడత వచ్చే చోట, అదే గుడ్డతో 70 మి.మీ. పొడవున అతుకు, గోళ్లు గీరేదీ, నేలకు రాసుకునేదీ అక్కడే. తరవాత పైఅంచులు. ఆ తరవాత వెనక పొర మీద, పైనుంచి 25 మి.మీ. కింద పట్టీ కుట్టాలి. మడిచి, పక్క కుట్లు వేయాలి, వేళ్ల మూలల్ని గుండ్రంగా తిప్పాలి. ఇక తిరగేయడం లేదు! అంచు బయటే ఉంటుంది. 4 మి.మీ.కు కత్తిరించి, దారాలు ఊడకుండా లైటరు మంట దగ్గరగా చూపితే చాలు. కరిగిన నైలాన్ చిన్న పూసలా గట్టిపడుతుంది. అది లోపలికి వస్తే కాలికి గుచ్చుకుంటుంది, అందుకే బయట.

పట్టీలో అసలు కిటుకు రబ్బరు ముక్క. సింబాకు మెత్తవైపు వెల్క్రో 90 మి.మీ., ఎలాస్టిక్ 40, కొక్కేలవైపు వెల్క్రో 60. ఎలాస్టిక్ లేకుండా వట్టి వెల్క్రో బిగిస్తే రెండే దారులు: వదులుగా ఉండి ఊడిపోవడం, లేదా బిగుసుకుని రక్తం ఆగిపోవడం. రక్తం ఆగిన పాదంలో పైన చెప్పుకున్న వేడి మార్పిడి కూడా ఆగుతుంది, చలికి ముందు దెబ్బతినేది ఆ వేళ్లే. పట్టీ పెద్ద మెత్తకు పైన, పక్కగోరుకు కింద ఉన్న సన్నని చోట పడాలి. కట్టాక చిటికెన వేలు దూరాలి. బయటి నుంచి రాగానే, విశ్రాంతిలో, కారులో కూర్చోబెట్టినప్పుడు విప్పేయాలి. స్లెడ్జి కుక్కలకైనా ఆగిన చోట బూట్లు తీసేస్తారు.

అలవాటు చేయడం: ఇంట్లో ముందుకాళ్లకు మాత్రమే, రెండు నిమిషాలు, గిన్నెలో తిండి పెట్టి. కొంగలా కాళ్లెత్తి నడవడం మొదటి రోజుల్లో మామూలే. సింబాకు రెండు రోజులు పట్టింది, చిట్టికి తొమ్మిది. వెనకకాళ్లకు ఆ తరవాతే.

పరీక్షలో తేలినవి. పొడి మంచులో నలభై నిమిషాలు బాగా నిలిచాయి. లోతు మంచు పట్టీని దాటితే లోపలికి దూరింది, కాబట్టి ప్రతి ఇరవై నిమిషాలకు ఒక కాలు విప్పి చూడాలి. నున్నటి గట్టి మంచుగడ్డ మీద మాత్రం ఇవి ప్రమాదం: గోళ్లు గుడ్డలో ఉంటాయి, పట్టు దొరకదు. అలాంటి రోజు మైనమే మేలు, లేదంటే రబ్బరు అడుగున్న బూట్లు. వెల్క్రో కొక్కేల్లో మంచు ఇరుక్కుంటే పట్టదు. పాత పళ్లబ్రష్షు ఒకటి జేబులో వేసుకుంటే సరి.

డిసెంబరు చివర: ఉప్పు, బకెట్

మంచు పడ్డ మర్నాడు కాలిబాటలన్నిటా ఉప్పే. రెండు కుక్కల పాదాలనూ వారం రోజులు నడక ముందూ తరవాతా చూసి రాస్తే తేలిందేమిటంటే, కందిన చోట్లన్నీ కాలిబాట నడకల తరవాతవే. పార్కులో ఉప్పు లేని మంచు మీద, ఇంకా చల్లని రోజుల్లో, ఏమీ లేదు.

ఉప్పు చేసే నష్టం రెండు రకాలు. ఒకటి రసాయనం: పగిలిన మెత్తలోకి దిగి మండుతుంది. పుండు మీద కారం అన్నది సామెత, పగుళ్ల మీద ఉప్పు ఇక్కడ రోజువారీ. రెండోది చలి: ఉప్పు కలిసిన నీరు సున్నా కింద కూడా గడ్డకట్టదు, అంటే కుక్క మైనస్ 8 డిగ్రీల ద్రవంలో అడుగేస్తోంది. పొడి మంచులో గాలి ఉంటుంది, వేడిని నెమ్మదిగా లాగుతుంది. ద్రవం పాదమంతా అంటుకుని చాలా త్వరగా లాగేస్తుంది.

ఏ ఉప్పు అన్నది కూడా ముఖ్యమే. మామూలు రాతి ఉప్పు మైనస్ 9 దగ్గరికే మందగిస్తుంది. అంతకన్నా చల్లబడితే కాల్షియం క్లోరైడ్ చల్లుతారు, అది మైనస్ 29 దాకా పనిచేస్తుంది. నీళ్లలో కరిగేటప్పుడు అది వేడి పుట్టిస్తుంది. దాని గింజ ఒకటి తడి వేళ్ల సందున ఇరుక్కుంటే చర్మం కాలుతుంది. సంచి మీద కుక్క బొమ్మ ఉన్న రకాల్లో చాలావాటిలో యూరియానో మెగ్నీషియం క్లోరైడో ఉంటుంది. మంట తక్కువే గానీ నాకితే వాంతులు కావచ్చు. బొమ్మను చూసి కడగడం మానకూడదు.

బకెట్ ఏర్పాటు: గుమ్మం లోపల రబ్బరు చాప, దాని మీద సన్నగా పొడుగ్గా ఉన్న ప్లాస్టిక్ డబ్బా (లోపలి వెడల్పు 12 సెం.మీ., లోతు 20), రెండు లీటర్ల నీళ్లు, రెండు తువ్వాళ్లు. నీళ్లు మోచేతికి గోరువెచ్చగా తగలాలి, అంతకన్నా వేడి వద్దు. చల్లారిన పాదానికి మామూలు వేడి కూడా చురుక్కుమంటుంది. ఒక్కో పాదం పది సెకన్లు ముంచి, వేళ్లు విడదీసి ఊపాలి. వెడల్పు టబ్బులో కుక్క నాలుగు కాళ్లతో దిగి నీళ్లన్నీ చిమ్మింది, అందుకే సన్నని డబ్బా. ఇద్దరికీ ఒకే నీళ్లు వాడకూడదు. మొదటి కుక్క ఉప్పంతా రెండోదాని పాదాలకు అంటుతుంది.

ఇక తుడవడం. కడిగి తడిగా వదిలేయడం కడగకపోవడం కన్నా పెద్దగా మేలు కాదు: వేళ్ల మధ్య తడి నిలిచి చర్మం నానుతుంది, వాసన, దురద, నాకుడు. తువ్వాలు మూలను ఒక్కో సందులోకి దూర్చి ఒత్తాలి, రుద్దకూడదు. మొత్తం పని ఇద్దరికీ కలిపి ఆరు నిమిషాలు. ఈ ఆరు నిమిషాలు మొదలైన పది రోజులకు చిట్టి మెత్తల ఎర్రదనం పోయింది, అదీ బూట్లు తొడగకుండానే. అక్కడితో ప్రణాళిక మారింది: రోజూ కడుగుడు, ఉప్పు రోజుల్లో మైనం, బూట్లు మైనస్ 15 కింద లేదా గాయం ఉన్నప్పుడు.

మన ఇంటి ముందు చల్లేదీ మన చేతిలోదే. మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ చెప్పే కొలత గుర్తు పెట్టుకోవడం తేలిక: 12 ఔన్సుల కాఫీ మగ్గు ఉప్పు 20 అడుగుల డ్రైవ్‌వేకి, లేదా కాలిబాట పలకలు పదింటికి సరిపోతుంది. ఒక టీస్పూను ఉప్పు ఐదు గ్యాలన్ల నీటిని శాశ్వతంగా పాడుచేస్తుందని కూడా వాళ్ల లెక్కే. గింజకూ గింజకూ మధ్య ఖాళీ ఉండాలి, తెల్లటి పరుపులా కాదు. ముందు పారతో ఎత్తేసి, మిగిలిన పొరకే ఉప్పు. మైనస్ 9 దాటితే ఇసుక. మంచు కరిగి నేల ఆరాక మిగిలిన గింజల్ని ఊడ్చి డబ్బాలో పోసుకుంటే మళ్లీ వాడుకోవచ్చు.

జనవరి రెండో వారం: మైనస్ 20 కింద

బయట ఉండే సమయం కుదించాం. చిట్టికి కోటు వేసి, బూట్లు తొడిగి పది నిమిషాలు, సింబాకు పదిహేను. గడియారం కన్నా పాదం చెప్పేదే నమ్మాలి. ఒక కాలు ఎత్తి పట్టుకుని నిలబడటం, కాళ్లు మార్చి మార్చి ఎత్తడం, వెనక్కి తిరిగి ఇంటివైపు చూడటం: మూడింట్లో ఏది కనబడినా వెంటనే ఇంటికి. హైదరాబాదు వీధుల్లో మే నెల తారురోడ్డు మీద ఎదిగిన చిట్టి మెత్త మందంగానే ఉంటుంది గానీ, ఆ మందం ఉప్పుకూ మంచుకూ అక్కరకు రాదు.

చలికాటు పడేది వేళ్ల కొనలకు, చెవి అంచులకు, తోక కొనకు. చర్మం పాలిపోయి బూడిద రంగుకో నీలానికో తిరుగుతుంది, ముట్టుకుంటే చల్లగా, గట్టిగా ఉంటుంది. రుద్దకూడదు, లోపల గడ్డకట్టిన కణజాలం చిట్లుతుంది. హెయిర్ డ్రయ్యరు, హీటింగ్ ప్యాడు వద్దు. స్పర్శ తెలియని చర్మం కాలిపోతుంది. 38 నుంచి 40 డిగ్రీల నీళ్లలో నెమ్మదిగా ముంచి వెచ్చబరచాలి, మళ్లీ చలిలోకి వెళ్లాల్సి వస్తే మాత్రం అప్పుడే కరిగించకూడదు. రంగు తిరిగొచ్చినా పశువైద్యుడికి చూపించాలి, ఎందుకంటే చచ్చిన చర్మం నల్లబడి బయటపడటానికి రోజులు పడుతుంది.

గ్యారేజీ నేల కూడా ఈ వారమే పరిశీలించాం. కార్ల యాంటీఫ్రీజ్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొద్దిగా కడుపులోకి వెళ్లినా మూత్రపిండాలు పోతాయి. పాదానికి అంటి, నాకితే చాలు. తాగినట్టు తూలడం, వాంతులు కనబడితే తెల్లారేదాకా ఆగకూడదు; విరుగుడు మందు మొదటి కొన్ని గంటల్లోనే పనిచేస్తుంది.

ఫిబ్రవరి: తడి మంచు, ఉండలు

చలి తగ్గి సున్నా దగ్గరికి రాగానే కొత్త తంటా. మైనస్ 15లో మంచు ఇసుకలా రాలిపోతుంది. మైనస్ 1లో జిగురుగా ఉండి బొచ్చుకు పట్టి, అడుగు అడుగుకూ నొక్కుకుని గోలీలంత ఉండలవుతుంది. నవంబరులో కత్తిరించిన బొచ్చు ఈపాటికి మళ్లీ పెరిగింది. మూడు వారాలకోసారి కత్తిరింపు అన్నది ఇప్పుడు డైరీలో నియమం.

ఉండను పీకకూడదు, వెంట్రుకతో పాటు చర్మం లాగుతుంది. దారిలో అయితే చేతి తొడుగు తీసి పిడికిట్లో పట్టుకుంటే ఒక నిమిషంలో వదులవుతుంది. ఇంట్లో అయితే బకెట్ ఉంది. మైనం సందుల్లో మందంగా రాసిన రోజుల్లో ఉండలు కట్టాయి గానీ వేలితో తోస్తే జారిపోయాయి; రాయని రోజు కరిగిస్తే తప్ప రాలేదు.

చిట్టి పెద్ద మెత్త అంచున 6 మి.మీ. పగులు ఒకటి, రక్తం లేదు. రాత్రి కడిగి ఆరాక పలచగా మైనం, పైన పిల్లల కాటన్ సాక్సు, దాన్ని పదిహేను నిమిషాలు కాపలా కాసి విప్పేయడం. బయట ఆ కాలికి ఒక్కదానికే బూటు. పన్నెండు రోజుల్లో పూడింది. రక్తం వచ్చే పగులుకు, చీముకు, కుంటుడుకు మైనం పూయకూడదు. మురికిని లోపల మూసేసినట్టవుతుంది. అది వైద్యుడి పని.

మార్చి మొదటి వారం: మిగిలిన సామాను

కుట్టిన బూట్లు పదహారు, ఊడి పోయినవి మూడు (మూడూ వెనకకాళ్లవే), అతుకు అరిగినవి నాలుగు. అతుకు అరగడం ప్రతిసారీ నడిమి రెండు గోళ్ల కిందే మొదలైంది, కాబట్టి వచ్చే జతలకు అక్కడ మాత్రం రెండో పొర వేయాలి, మొత్తం అడుగుకు అక్కర్లేదు. వెనకకాళ్ల వాటికి ఎలాస్టిక్ 40 నుంచి 30కి తగ్గించాలి, అక్కడ చుట్టుకొలత సన్నం. ఉతికేముందు వెల్క్రో మూసేయాలి, లేకపోతే కొక్కేల నిండా బొచ్చు. మైనం డబ్బాలు ఆరు అయిపోయాయి, ఏడోది సగం ఉంది. ఆలివ్ నూనె ముక్కవాసన పట్టకముందే వాడేయాలి, అక్టోబరు దాకా దాచేది కాదు.

బకెట్ గుమ్మం దగ్గరే ఉంది. మంచు కరిగాక కాలిబాట అంచుల్లో నవంబరు నుంచి పోగుపడ్డ ఉప్పు బురదలో కలిసి ఉంటుంది, ఒకటి రెండు పెద్ద వానలు పడేదాకా బకెట్ తియ్యడం లేదు.